తులసి కుండీ వెనక

మా ఇంట్లో తులసమ్మ ఎనిమిది నెలలు లోపల, నాలుగు నెలలు బయట ఉంటుంది. పరాయి దేశంలో మేముండే ఊరు బాతెల్‌లో సెప్టెంబరు దాటితే చలికి తులసి నిలవదు. అందుకని అక్టోబరు వానలు పట్టుకునే ముందే కుండీని లోపలికి తెచ్చి, డెక్ అనే చెక్క అరుగు మీదికి తెరుచుకునే గాజు తలుపు పక్కన పీట మీద పెడతాము. పైన మొక్కల లైటు వేలాడదీస్తాము. ఊదారంగు వెలుతురు. మొదటి ఏడాది ఆ వెలుతుర్లో ఆమెను చూసి, ఆస్పత్రిలో మంచం మీద ఉన్న మనిషిని చూసినట్టు దిగులుపడ్డాను. ఇప్పుడు అలవాటైపోయింది. ఆ లైటు లేకపోతే ఆమె ఈ దేశంలో బతకదు కాబట్టి, దీపం పెట్టినప్పుడు దానికీ ఓ నమస్కారం పెట్టుకుంటాను.

ఆమెతో రోజూ మాట్లాడతాను. పూజ గురించి చెప్పడం లేదు. పూజ పూజే, అది అందరూ చేసేదే. ప్రదక్షిణ అయ్యాక, ఆకులు కోసే ముందు, పక్కింటావిడతో గోడ దగ్గర నిలబడి చెప్పుకున్నట్టు ఆమెతో కాసేపు చెప్పుకుంటాను. మొక్కను అడక్కుండా ఆకు తుంచకూడదని మా నాయనమ్మ నేర్పింది. అడగడానికని నోరు తెరిస్తే ఒక్క మాటతో ఆగదు కదా. ఇరవై ఏళ్ళుగా ఆ అలవాటు అలా పెరిగింది.

నాకు పిల్లలు లేరు. దాని గురించి ఏడ్చే వయసు దాటిపోయింది. మావారు ఇంటి నుంచే పని చేస్తారు. డెక్ వైపు గదే ఆయన ఆఫీసు. చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని పొద్దున్న ఏడింటి నుంచి ఎవరెవరితోనో మాట్లాడుతూనే ఉంటారు. సాయంత్రానికి ఆయన దగ్గర మాటలన్నీ అయిపోతాయి. కోపం మనిషి కాదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క పరుషమైన మాట అనలేదు. అందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కాని పరుషమైన మాట అనకపోవడం ఒకటి, మాట్లాడడం ఒకటి.

ఓ అమ్మాయి నాకు గుడిలో కలిసింది. ప్రసాదం లైన్లో నా ముందు నిలబడి, చేతిలో కాగితాలు పట్టుకుని, కనిపించిన ఆడవాళ్ళందరినీ అడుగుతోంది.

"ఆంటీ, మీరు ఇంట్లో మొక్కలు పెంచుతారా? నేను మీ తెలుగు రికార్డ్ చేస్తాను, ఓకేనా?"

ఈ దేశంలోనే, ట్రాయ్‌లో పుట్టి పెరిగిందట. ఇక్కడి యూనివర్సిటీలో భాషల మీద పరిశోధన చేస్తోంది. ఆడవాళ్ళు చెట్లతోనూ చేలతోనూ నీళ్ళతోనూ ఏ భాషలో మాట్లాడతారు, వాటిని ఏమని పిలుస్తారు, అదీ తన విషయం. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం మాటల చివర్లు ఎటో జారిపోతాయి. నన్ను "మీరు" అనే అంటుంది, దాని వెనకే ఒక్కోసారి, చెప్పారు అనాల్సిన చోట "చెప్పింది" అంటుంది. ముచ్చటేసింది.

మావారితో చెబితే నవ్వారు. "నీ తెలుగు మీద పీహెచ్‌డీయా? నేను ఇరవై ఏళ్ళుగా ఫ్రీగా వింటున్నాను, నాకెవరూ డిగ్రీ ఇవ్వలేదే!"

సెప్టెంబరు మొదట్లో ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది. ముందు ఒక కాగితం నింపింది. పేరు రాయక్కర్లేదట, నెంబరు ఇస్తారట. వయసు, ఊరు, అన్నీ అడిగి, "స్కూల్ ఎక్కడ ఆంటీ?" అంది.

"మా నాయనమ్మ మంచం."

పెన్ను ఆపి చూసింది. చెప్పాను. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడి దుమ్ములో ఊపిరి ఆడేది కాదు. పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని నాయనమ్మే అక్షరాలు దిద్దించింది. పంచాంగం చూడడం, పురాణం చదవడం, కూడికలు, తీసివేతలు, ఏ తిథికి ఏ ఆకు కోయకూడదో, అన్నీ ఆ మంచం పక్కనే. పరీక్ష రాసింది లేదు, సర్టిఫికెట్ లేదు. కాగితంలో ఆ అమ్మాయి ఏం టిక్కు పెట్టిందో నాకు కనిపించింది. బడి చదువు లేదు అన్న గడి. తప్పు కాదు, నిజమే. అయినా ఆ గడి చూస్తుంటే పళ్ళెంలో బియ్యాన్ని ఎవరో చేత్తో చెరిపేసినట్టయింది. లేచి కాఫీ ఇచ్చాను.

కాఫీ తాగుతూ ఆ అమ్మాయి అడిగింది. "ఆంటీ, నాన్న వచ్చాడు అంటాం. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. ఆడవాళ్ళు, యానిమల్స్, రెయిన్, అందరికీ ఒకటే. మా క్లాస్‌లో చెప్తే అందరు షాక్. మీకు కోపం రాదా?"

"వానా, ఆవూ, నేనూ ఒక వరసలో కూర్చుంటే నాకేం తక్కువే పిల్లా! మంచి పంక్తే కదా!" అన్నాను. ఇద్దరం బాగా నవ్వుకున్నాము. మా ఇంట్లో అంత నవ్వు వినిపించి చాలా రోజులైంది. లోపలినుంచి మావారు గది తలుపు వేసుకున్నారు, మీటింగులో ఉన్నారు కాబోలు.

వెళ్ళేముందు నా చేతిలో అగ్గిపెట్టెంత రికార్డర్ పెట్టింది. మెడలో వేసుకోవడానికి దానికో తాడు. మూడు రోజులు పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోస్తూ, ఏ మొక్క గురించి నాకు ఏం తెలుసో, పెద్దవాళ్ళు ఏం చెప్పారో మాట్లాడమంది. "నన్ను మర్చిపోండి ఆంటీ. నేను లేను అనుకోండి."

మాట్లాడాను. సొరపిందెకి వేలు చూపించకూడదు, చూపించాలంటే వేలు మడిచి చూపించాలి, లేకపోతే అది కుళ్ళిపోతుంది అని చెప్పాను. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి అని చెప్పాను. నెలనెలా దూరముండే ఆ మూడు రోజులు కరివేపాకు చెట్టును ముట్టుకోనిచ్చేవారు కాదని, చిన్నప్పుడు దూరంగా నిలబడి దాన్ని చూస్తూ, పాపం అది కూడా నాకోసం ఎదురుచూస్తోందేమో అనుకునేదాన్నని చెప్పాను. ఇవన్నీ ఎవరైనా అడిగి వింటారని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ మూడు పొద్దుటిపూటలూ నాకు పండగలా గడిచాయి.

మూడో రోజు, కూరమొక్కలన్నీ అయ్యాక తులసి దగ్గరికి వచ్చాను. ఆమె అప్పటికింకా బయటే ఉంది. మడి కట్టుకుని ఉన్నాను. ఎంతమంది మెడల్లో వేలాడిన తాడో అది. దానితో తులసిని ముట్టుకోవడానికి మనసొప్పలేదు. తీసి కుండీ వెనక, డెక్ రైలింగు మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాను. ఆపాలంటే ఎర్ర బటను నొక్కాలని ఆ అమ్మాయి చెప్పింది. నాకు గుర్తే లేదు. మడిలో ఒక వస్తువును పక్కన పెట్టేస్తే అది ఇక అక్కడ లేనట్టే. నాకు తెలిసిన పద్ధతి అది. ఆ వస్తువుకి ఆ పద్ధతి తెలియదు.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. కొన్ని మాటలు తనకి అర్థం కాలేదట. ఇద్దరం డైనింగ్ టేబులు దగ్గర కూర్చున్నాము. సొరపిందె సంగతి వినిపించింది, నవ్వుకున్నాము. కరివేపాకు సంగతి వినిపించినప్పుడు నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుంది. తర్వాత, "ఇప్పుడు వినండి ఆంటీ. ఇది నా బెస్ట్. పదకొండు మంది ఆంటీలను రికార్డ్ చేశాను. అందరు మొక్కల గురించి మాట్లాడారు. మొక్కతో ఎవరు మాట్లాడలేదు. మీరు ఒక్కరే" అంటూ ఇంకొకటి పెట్టింది.

ముందు పక్షి కూత, పైపులోంచి నీళ్ళ చప్పుడు. తర్వాత ఒకావిడ గొంతు. మెత్తగా, కాస్త గారంగా, వయసు తెలియని గొంతు.

"తల్లీ, నాలుగాకులు కోసుకుంటాను. నొప్పి పెడితే ఓర్చుకో. నిన్న చారు బాగా కుదిరిందమ్మా. ఆయన ఏమీ అనలేదు. ఉప్పెక్కువైతే చెబుతారు, కుదిరితే చెప్పరు..."

అది నా గొంతేనని తెలియడానికి నాకే కొంతసేపు పట్టింది. తెలిశాక, ఆపమని చెయ్యి చాచేలోపు అది ముందుకు వెళ్ళిపోయింది.

"నేను ఓ ఆర్నెల్లు ఇండియా వెళ్ళి ఉండిపోయాననుకో. ఈ ఇంట్లో తేడా ఎవరికి తెలుస్తుందంటావు? నీకు తెలుస్తుంది. నీళ్ళు పోసేవాళ్ళుండరు కదా. నీకొక్కదానికే తెలుస్తుంది తల్లీ."

తల తిప్పితే మావారు, కాఫీ కప్పుతో గదిలోంచి ఎప్పుడు వచ్చారో. హెడ్‌సెట్ మెడలోకి జార్చి ఉంది. స్టవ్ దగ్గర ఆగి, చారు మాట దగ్గర్నుంచీ విన్నట్టున్నారు.

"ఎవరీవిడ? గొంతు బావుందే!"

ఆ అమ్మాయి నావైపు చూసింది. నోరు తెరవబోయింది.

"ఎవరో ఒకావిడండీ. ఈ అమ్మాయి రికార్డు చేసుకొచ్చింది" అన్నాను.

"పాపం, చారు బావుందని ఒక్క ముక్క అనడానికేమట వాళ్ళాయనకి? ఏం మనిషో!" కప్పు నింపుకున్నారు. "పరిశోధన బాగా చెయ్యమ్మా" అని ఆ అమ్మాయితో అని, హెడ్‌సెట్ చెవులకి ఎత్తుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. తలుపు పడింది.

ఆ అమ్మాయి మెల్లగా, "అంకుల్‌కి తెలీలేదు" అంది.

"తెలియలేదు."

ఆయన నా గొంతును గుర్తుపట్టలేదన్న బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. డిసెంబరులో ఆ అమ్మాయి యూనివర్సిటీలో తన పని గురించి మాట్లాడుతుందట. గుడిలో మాట్లాడిన ఆంటీలను, వాళ్ళ ఇళ్ళవాళ్ళను పిలుస్తుందట. ఈ ముక్కే వినిపిస్తుందట. నాకు వేరే ఎవరి సంగతీ పట్టలేదు. కుర్చీలో మావారి పక్కన కూర్చుని, చుట్టూ తెలిసినవాళ్ళు ఉండగా, ఆయనకి అప్పుడు తెలిస్తే? "ఏం మనిషో" అన్నది తననే అని అందరిలో తెలిస్తే?

"దీన్ని తీసెయ్యమ్మా" అన్నాను.

"ఆంటీ, మీ పేరు ఉండదు. నెంబర్ మాత్రమే..."

"గొంతుకి నెంబరు వెయ్యలేవు కదా."

తల దించుకుంది. "ఇది నా చాప్టర్ ఆంటీ" అంది. వినపడీ వినపడనట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి పిల్లో, నా మాటలకి విలువ ఉందని చెప్పిన మొదటి పిల్ల, నా ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. నేను మాట మార్చుకోలేదు. మార్చుకునే ధైర్యం నాకు లేదు.

"మీరు సైన్ చేశారు. కాని ఎప్పుడైనా నో అనొచ్చు. అది మీ రైట్" అంది. నేను చూస్తుండగానే లాప్‌టాప్‌లో తీసేసింది. రికార్డర్‌లో తీసేసింది. ఇంకెక్కడో దాచిన చోటా తీసేసి నాకు చూపించింది. ఆ పిల్లను కన్నతల్లికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న దీపం పెట్టి, ప్రదక్షిణ చేసి, ఆకు కోద్దామని వంగాను. "తల్లీ" అన్నాను. ఆగిపోయాను. ఆ పిలుపు నాకు లాప్‌టాప్‌లోంచి వినిపించింది. మెత్తగా, గారంగా, ఎవరో ఒకావిడ. రైలింగు మీద ఏముందా అని కుండీ వెనక్కి చూశాను. ఏమీ లేదు. అయినా మాట రాలేదు. ఆ రోజు ఆకు కొయ్యలేదు.

ఆ వారమే తులసిని లోపలికి తెచ్చాము. చలికాలమంతా అలాగే గడిచింది. శ్లోకం చదివేదాన్ని. శ్లోకానికి ఏ అడ్డూ లేదు, అది నా గొంతుతో చదివినా నాది కాదు కదా. దాని తర్వాత మాత్రం ఏమీ వచ్చేది కాదు. ఏదైనా అనబోతే, అనకముందే ఎలా వినిపిస్తుందో తెలిసిపోయేది. మొక్కకి ఆకులు రాలితే, నేను మాట్లాడక రాలుతున్నాయని అనుకునేదాన్ని. చలికాలంలో ఏటా రాలేవే. తెలుసు. అయినా అనుకునేదాన్ని.

నాలుగింటికే చీకటి పడే రోజులవి. గాజు తలుపు అవతల వాన, ఇవతల ఊదారంగు వెలుతురు, మధ్యలో నేను. గది తలుపు వెనక మావారి గొంతు ఇంగ్లీషులో ఎవరికో ఏదో నచ్చజెబుతూ ఉండేది. ఎంత ఓపిగ్గా చెప్పేవారో! ఆ అమ్మాయి చెప్పిన వరస గుర్తొచ్చేది. వాన, ఆవు, అమ్మ. అప్పుడు నవ్వాను గాని, కూర్చుని ఆలోచిస్తే ఆ పిల్ల అడిగినదానిలో ఏదో ఉంది. వాన ఎప్పుడొస్తుందని అందరూ అడుగుతారు. ఏమంటున్నావని వానను ఎవరూ అడగరు. మంచి పంక్తే. వడ్డించేవాళ్ళు ఇటువైపు రావడమే తక్కువ. నన్ను అడిగిన ఒక్క మనిషీ ఆ అమ్మాయి, ఆమె దగ్గర నేను నా మాట వెనక్కి తీసేసుకున్నాను.

డిసెంబరులో ఆ అమ్మాయి సభకి నేను వెళ్ళలేదు. జలుబని చెప్పాను. జనవరిలో తనే ఫోన్ చేసింది.

"ఆంటీ, మా అడ్వైజర్ ఆ ఫైల్ ఏమైంది అని అడిగింది. నేను మిస్టేక్‌గా డిలీట్ చేశాను అని చెప్పాను."

"అయ్యో, తప్పు నీ మీద వేసుకున్నావా?"

"పర్లేదు ఆంటీ. తిట్టింది కొంచెం." నవ్వింది. "వేలు మడిచి చూపించేది పెట్టాను చాప్టర్‌లో. అందరు వేలు మడిచి చూశారు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు దేవుడి ముందు కూర్చున్నాను. అడగడానికి ఏమీ తోచలేదు. ఆ పిల్ల చల్లగా ఉండాలని మాత్రం అనుకున్నాను. కరివేపాకు పొడి కొట్టి, సీసాలో పెట్టి పంపాను.

మే నెలాఖరున ఎండ వచ్చింది. ఇక్కడ ఆ ఎండ వచ్చిన రోజు వీధిలో మనుషులు ఒకరిని చూసి ఒకరు నవ్వుతారు. తులసిని బయట పెట్టే రోజు. కుండీ ఇప్పుడు నేనొక్కదాన్ని ఎత్తగలిగేది కాదు. మావారు రెండు మీటింగుల మధ్య వచ్చి, స్నానం చేసి వచ్చాను చూసుకో అన్నట్టు తడి జుట్టు చూపించి, కుండీని రెండు చేతులా ఎత్తుకున్నారు. గడప దగ్గర వెనక్కి నడుస్తూ చూసుకోలేదు. ఒక కొమ్మ తలుపు చట్రానికి తగిలి వంగిపోయింది.

"అయ్యో తల్లీ, తగిలిందా?" అన్నాను. "ఓర్చుకో అమ్మా, ఒక్క అడుగు. అదిగో, ఎండ వచ్చేసింది చూడు."

ఏమీ ఆలోచించలేదు. నోట్లోంచి అలా వచ్చేసింది. ఎనిమిది నెలల తర్వాత.

మావారు గడప మీద ఆగిపోయారు. లోపల ఒక కాలు, బయట ఒక కాలు. కుండీ చేతుల్లో ఉంది. ఆకుల మధ్య నుంచి నన్నే చూస్తున్నారు.

"ఆ చారు ఆవిడ..." అన్నారు.

"బరువు. ముందు దింపండి."

దింపారు. చేతులకంటిన మట్టి దులుపుకోలేదు. నిలబడే ఉన్నారు. ఆయన ముఖం ఎర్రబడడం నేను చూడడం అదే మొదలు. చివరికి, "ఈ గొంతుతో నాతో ఎప్పుడూ మాట్లాడలేదు నువ్వు" అన్నారు.

"మీరెప్పుడూ ఇలా ఒకచోట నిలబడలేదు కదండీ!"

నేనే అన్నాను ఆ మాట. అన్నాక భయపడలేదు. ఆయన నవ్వలేదు, నొచ్చుకున్నట్టూ లేదు. ఏదో అనబోయారు. ఈలోగా లోపల కంప్యూటరు టింగుమంది. మీటింగు. అటు చూశారు, ఇటు చూశారు. తల ఊపి వెళ్ళిపోయారు.

నేను వంగిన కొమ్మకి చిన్న పుల్ల ఆనించి దారంతో కట్టాను. చేతులు కడుక్కున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చాను. అప్పుడు వెనక కిర్రుమని చప్పుడైంది. డెక్ వైపు ఆయన గది కిటికీ. చలికాలమంతా మూసి ఉండి బిగుసుకుపోయింది. దాన్ని లోపలినుంచి రెండు చేతులా నెట్టినట్టున్నారు. చప్పుడు ఆగిపోయింది. కిటికీ తెరుచుకున్నట్టే ఉంది. చెవులకి హెడ్‌సెట్ ఉందో లేదో నాకు తెలియదు. వెనక్కి తిరిగి చూడలేదు.

"తల్లీ, నాలుగాకులు కోసుకుంటాను" అన్నాను. కోసుకున్నాను. "ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యాలి. పొడి అయిపోయి ఉంటుంది." నీళ్ళు పోశాను. మట్టి పీల్చుకునేదాకా ఆగి మళ్ళీ పోశాను. ఇంకా చెప్పాల్సినవి ఎనిమిది నెలలవి ఉన్నాయి. ఏది ముందో తెలియలేదు.

"మధ్యాహ్నం చారు పెడతానమ్మా" అన్నాను. గొంతు తగ్గించలేదు.